ప లేని దేశం

పర్శరాములు నా పేరు.
రాస్తే ఇంతే, రెండు సెకండ్ల పని.
చెప్పాలంటే మాత్రం
మొదటి అక్షరం కాడ పెదవులు అతుక్కుంటయి,
ఎడమ కన్ను మూసుకుంటది,
మెడ మీది నరం నాకంటే ముందు లేస్తది.

మస్కట్ ఎయిర్‌పోర్టుల దిగిన పొద్దు
అద్దం అవతలి ఆఫీసరు పేరడిగిండు.
నేను "ప్..." కాడ ఉండంగనే
ఆయనే పాస్‌పోర్టు చూసి చదివిండు:
బర్శరాములు.
అరబ్బీల ‘ప’ లేదంట.
ఆ సంగతి రూముల నిజాముద్దీన్ చెప్పిన రాత్రి
నవ్వుకుంట పండుకున్న.
నేను తట్టుకొని పడే గడపే లేని ఇల్లు
భూమ్మీద ఒకటి ఉన్నది.

బర్శరాములు అనుడు అల్కగ వస్తది.
తొమ్మిదేండ్ల సంది అదే నేను.

ఊర్ల ‘నత్తి పర్శ’ అన్నరు.
నా "ప్రెజెంట్ సార్" బయటికొచ్చేసరికి
సారు నలుగురి పేర్లు దాటేటోడు.
బెంచి మీద కూసోనే
ఎన్నిసార్లు ఆబ్సెంటైననో.

ఈడ ఎవ్వల మాట సక్కగుంది?
నేపాలీ పిలగాడు హిందీని తడుముకుంటడు,
మిస్రీ ఇంజనీరు ఇంగ్లీషును.
అందరం చీకట్ల చెప్పులు దేవులాడుకునేటోళ్లమే.
నాది భాష రాకపోవుడు అనుకుంటరు.
అనుకోనిచ్చిన.

షేరింగ్ టాక్సీల పెట్రోల్ పంపు కాడ దిగాలె.
‘మసీదు’ అయితే నోటికొస్తది.
మసీదు కాడ దిగి
అర కిలోమీటరు ఎండల ఎనుకకు నడుస్త.

ఘాలాల క్రేను కింద నిలవడి
చేతులతోటి చెప్పుడు నా కొలువు.
బొటనవేలు మీదికి: బూమ్ లేపు.
చూపుడువేలు గుండ్రంగ: బరువు పైకి.
నా చేతులకు నత్తి లేదు.
వాకీటాకీ ఇచ్చి పైసలు పెంచుతనన్నడు ఫోర్‌మన్,
నెలకు పదిహేను రియాల్లు.
వద్దన్న.
ఎందుకంటే, చెవి నొస్తదన్న.

మొయ్దు కాకా హోటల్ పరోటా వాసన
సందు మలుపు కాడనే మెడల చెయ్యేస్తది.
తొమ్మిదేండ్లు చపాతీ తిన్న.
నడుమ కూసున్న ‘ప’ నన్నేమనది.

మొన్న శుక్రవారం వీడియోల బిడ్డ.
నాలుగేండ్లు నిండినయి.
బడి ముచ్చట చెప్పబోయి
"బ... బ... బ..."
ఎడమ కన్ను మూసుకుంది.

"సిగ్నల్ మంచిగలేదు" అన్నది జమున.
అది నా అబద్ధమే,
పెండ్లైన కొత్తల నేనే ఆమెకు నేర్పింది.
సిగ్నల్ నిండుగుంది. నాలుగు గీతలు.

‘బ’ లేని దేశం ఏడుంటదో
ఇప్పుడు ఏ నిజాముద్దీన్‌ను అడగాలె?

జమున వంగింది, మాట అందియ్యబోయింది,
"బాపూ అను, మెల్లగ..."
నా చేతులు వాటంతటవే లేచినయి,
కడుపు ముందట ఒకదాన్నొకటి పట్టుకున్నయి.
క్రేను కాడ దానికర్థం:
ఉన్నది ఉన్నకాడనే ఉండనీ.
ఎవ్వలు ముట్టకుండ్రి.
బరువు గాలిల ఉన్నది.

జమునకు ఆ భాష రాదు.
అయినా నోరు మూసుకుంది.
ఈడ ఏసీ చప్పుడు. ఆడ ఎవరిదో కోడి.
అంత చిన్న పెదవుల మీద
ఒక టన్ను ఇనుము అటూ ఇటూ ఊగింది,
ఊగి ఊగి
దిగింది.
"బాపూ."

ఎంటనే, ఒక్క గుక్కల, ఎక్కడా తగలకుండ:
"నాకెందుకు దండం పెడుతున్నవ్?"

‘కొలువు’ అనొచ్చు. ‘డ్యూటీ’ అనొచ్చు.
ఇన్నేండ్లు గట్లనే పక్క సందులకెళ్లి తప్పించుకున్న.

"దండం కాదు బిడ్డా.
ఇది నా ప్...
ప్..."

ఆమె ఆగింది.